తెల్ల బద్ద

మా ఇంట్లో ఏదీ ఊరికే పారెయ్యడానికి లేదు. పాల కవర్లు కడిగి బాల్కనీలో ఆరబెడతాను. కొత్తిమీర కాడలు పచ్చట్లోకి పోతాయి. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు కుండీకి పోతాయి. కోడలు కొత్తలో నవ్వేది, తర్వాత విసుక్కునేది, ఇప్పుడు తనే కవర్లు కడుగుతా ఉండాది. "మా అత్త దగ్గర గాలి గూడా వృథా పోదమ్మా" అని వాళ్ళమ్మకు ఫోనులో చెప్తా ఉంటే విన్నాను. నాకు కోపం రాలేదు, నిజమే కదా. నేను పన్నెండేండ్ల పిల్లగా ఉన్నప్పుడే పొదుపు మనిషినని పేరు తెచ్చుకున్నాను. మా అమ్మ నోటి నుంచి మెప్పు రావడమంటే ఎండాకాలంలో వాన రావడమే, అట్లాంటి అమ్మ గూడా నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు దేన్ని మింగి వచ్చిందో మాత్రం పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు.

మేము హూడిలో అపార్టుమెంటులో ఉంటాము. ఎండాకాలం సెలవుల్లో కింద క్లబ్ హౌసులో పిల్లలకు బొమ్మలెయ్యడం, కుండలకు రంగులెయ్యడం ఏవేవో నేర్పిస్తారు. మా మనవరాలు సహన నన్ను అడక్కుండానే నా పేరు రాయించి వచ్చింది. "మా అవ్వకు వెదురు పని వచ్చు అని చెప్పేసినా అవ్వా. జస్ట్ వన్ అవర్. చేపలు పట్టేది ఒకటి చేసేదానివంట కదా, అది చేసి చూపించు చాలు" అనింది. "నీళ్ళు లేని చోట మావు ఎందుకే? మూడో అంతస్తులో చేపలు ఎక్కి వస్తాయా?" అన్నాను. "ఊరికే హాల్లో పెట్టుకుంటాం అవ్వా, ప్లీజ్" అని మెడ పట్టుకుంది. అప్పటికి నా కుడి కంటికి శుక్లం ఆపరేషను అయి పది దినాలు. ఎడమ కంటికి ఇంకా కాలేదు. నల్ల అద్దాలు తీస్తే లోకమంతా మజ్జిగ పోసినట్టు కనపడేది. ఆ సాకు చెప్పి తప్పించుకుందామని చూసినాను. అప్పటికే వెదురు తెప్పించేసినారు, రెండు పొడుగాటి బొంగులు. తెప్పించిన వెదురు ఎండిపోయి పొయ్యికి పోతుందే అనే బాధకు సరేనన్నాను.

మేము మేదరవాళ్ళము. ఎన్ని తరాల కింద ఈ దిక్కుకు వచ్చినామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. హూడి అప్పుడు ఊరు. చుట్టూ చెరువులు, రాగి చేన్లు. బెంగుళూరికి పోయి రావడమంటే చద్ది కట్టుకొని పోయే పని. మా ఇంటి ముందర చప్పరం కింద ఎప్పుడూ వెదురు నానుతా ఉండేది. నానిన వెదురుకు ఒక వాసన ఉండాది, పచ్చి చెరకూ చెరువు బురదా కలిసినట్టు ఉంటాది. మా గుడ్డలకు, మా తలకు, మేము తినే ముద్దకు గూడా ఆ వాసనే. పొయ్యిలోకి వెదురు పేళ్ళే కాబట్టి ఉలవ చారు గూడా ఆ పొగ వాసనే వచ్చేది. బడికి పోతే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాలుగో తరగతిలో నేను బడి మానేస్తే అమ్మ ఏమీ అనలేదు, రెండు చేతులు కలిసొచ్చినాయని సంతోషపడింది.

మా నాయన, అమ్మ పట్టుపురుగుల తట్టలు అల్లేవాళ్ళు. దేవనహళ్ళి దిక్కు పట్టుపురుగులు పెంచే రైతులకు అవి ఎన్నయినా కావాల. తాత మాత్రం వానాకాలం వస్తే మావులు కట్టేవాడు. మావు అంటే చేపలు పట్టే వెదురు బుట్ట. పెద్ద సొరకాయ మాదిరి పొడుగ్గా ఉంటాది. వెడల్పు నోటి లోపల ఒక సన్నని గొంతు అమరుస్తారు. ఆ గొంతు బద్దల కొనలన్నీ లోపలికే తిరిగి ఉంటాయి. చేప తోసుకొని లోపలికి పోతుంది, కొనలు మళ్ళీ దగ్గరికి మూసుకుంటాయి, వెనక్కి రాబోతే మొహానికి గుచ్చుకుంటాయి. వానలు బాగా పడి చెరువు మరవ పోయినప్పుడు, అంటే నిండి పొంగి పొర్లినప్పుడు, చేపలు కాలువలోకి దిగుతాయి. ఆ నాలుగైదు దినాలే పంట. చేపలు పట్టే గంగప్పవాళ్ళు కాలువకు అడ్డంగా మావులు పెట్టి తెల్లారి తీసేవాళ్ళు. మొదటి మావులోని మొదటి చేపను ఆకులో చుట్టి, మావు కట్టినోళ్ళ ఇంటికి తెచ్చి ఇచ్చేది వాడుక.

తాత పని చూడాలంటే చేతులు చూడాల, కండ్లు కాదు. ఆయన కండ్లకు పొర కమ్మి అప్పటికి చాలా ఏండ్లు. మనిషి ఆకారం కనపడేది, మొహం కనపడేది కాదు. మావు ఒంటికి బద్దా బద్దా మధ్య చిటికెన వేలు పట్టేంత సందు పెట్టేవాడు. "పిల్ల చేపకు దారి ఇయ్యాల తల్లీ. ఈ ఏడు పోనిస్తే వచ్చే ఏడు పెద్దదై వస్తాది" అనేవాడు. ప్రతి గొంతులోకీ తన చెయ్యి దూర్చి, వెనక్కి లాగి చూసేవాడు. మణికట్టు గీరుకుంటేనే ఆ మావు ఇల్లు దాటేది. "కట్టినోని చెయ్యి పట్టనిది చేపనేం పడతాది" అని అదొక నవ్వు. వానాకాలమంతా ఆయన మణికట్లు పిల్లి రక్కినట్టు ఉండేవి.

వెదురును నిలువునా చీల్చినాక పైపొరను పచ్చ బద్ద అంటాము, లోపలిపొరను తెల్ల బద్ద అంటాము. పచ్చది నీళ్ళను తాగదు. ఎంత వంచినా మళ్ళీ నిలబడుతుంది. తెల్లది ఎండలో గట్టిగానే ఉంటాది గాని, నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. ఒక బొంగుకు పచ్చ బద్దలు కొన్నే వస్తాయి, తెల్లవి బోలెడు. పచ్చవాటికి ఇంట్లో ఎప్పుడూ కొట్లాటే. తట్టల అంచుకు కావాలని అమ్మ, మావు గొంతుకు కావాలని తాత. తెల్లవి సగం పొయ్యి కిందికే పోయేవి. అవి భగ్గున మండుతా ఉంటే నాకు కడుపు మండేది. మోసుకొచ్చి, నానబెట్టి, చీల్చి, చివరికి కాల్చడమా అని.

ఆ ఏడు వానలు ముందే వచ్చినాయి. చెరువు ఇయ్యాలో రేపో మరవ పోతుందని గంగప్ప పరుగెత్తుకొచ్చి ఆరు మావులు కావాలన్నాడు. తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఒళ్ళు నేను అల్లుతా, గొంతులు నువ్వు కట్టు. నీకు వేళ్ళు కుదిరినాయిలే" అన్నాడు. నాకు రెక్కలొచ్చినట్టు అయింది. అంతవరకు గొంతు కట్టే పని ఆయన ఎవరికీ ఇయ్యలేదు, నాయనకు గూడా. రెండు దినాలు దించిన తల ఎత్తకుండా కట్టినాను. కట్టింది తెల్ల బద్దతో.

ఎందుకు చేసినావంటే ఇప్పటికీ ఒకటే జవాబు. నాలుగు దినాల పనికి పచ్చ బద్ద ఎందుకు అనుకున్నాను. నాలుగు దినాలు ఆగకపోతుందా అనుకున్నాను. పచ్చవన్నీ ఒక కట్ట కట్టి అమ్మకు ఇచ్చినాను. అమ్మ ఆ కట్ట చూసి, "ఇన్ని మిగిలినాయా? ఇదీ ఇల్లు నిలబెట్టే పిల్ల!" అని నా తల నిమిరింది. ఆ చెయ్యి బరువు నాకు ఇంకా గుర్తుండాది. తాత ఆరు ఒళ్ళూ అల్లి, నా గొంతులు అమర్చడానికి ముందు అడిగినాడు. "పచ్చదేనా తల్లీ?" "పచ్చదే తాతా." "చెయ్యి పెట్టి చూసినావా?" "చూసినా. గీరుకుంటా ఉండాది." అది అబద్ధం కాదు. ఎండు తెల్ల బద్ద గూడా గీరుతుంది. "అయితే నువ్వే అమర్చెయ్, నేను వెనక పక్క తోకలు కడతా" అన్నాడు. నా పనిని చెయ్యి పెట్టి చూడలేదు. చూడకపోవడమే నాకు ఆయన ఇచ్చిన గౌరవమని అప్పుడు తెలియలేదు. బతికినా అనుకున్నాను.

చెరువు మరవ పోయింది. రెండో దినం పొద్దున్నే గంగప్ప ఆరు మావులూ కావడికి కట్టుకొని వచ్చి మా చప్పరం కింద దబ్బున పడేసినాడు. నీళ్ళు కారుతా ఉండాయి. "ఏం పెద్దప్పా, నీ మావులకు మర్యాద ఎక్కువైందే! చేపల్ని రారమ్మని పిలిచి, కూర్చోబెట్టి, మళ్ళీ గడప దాకా వచ్చి సాగనంపినాయి. తాంబూలం ఒకటే తక్కువ!" అన్నాడు. వీధిలోవాళ్ళు నలుగురు చేరి నవ్వినారు. గంగప్ప మాత్రం నవ్వలేదు. ఆయన కండ్లలో నీళ్ళు తిరుగుతా ఉన్నాయి, ఏడాదికొకసారి వచ్చే పంట కాలువలో పారిపోయింది కదా.

తాత ఒక మావును దగ్గరికి లాక్కున్నాడు. నోట్లోకి చెయ్యి పెట్టినాడు. మోచెయ్యి దాకా పోయింది. వెనక్కి తీసినాడు, ఎక్కడా గీరుకోలేదు. కొనలు నానిన అటుకుల్లాగ పక్కకు ఒరిగినాయి. ఒక కొన పట్టుకొని బొటనవేలుతో నిమిరినాడు. నేను చేత చీపురు పట్టుకొని వాకిలి పక్కన నిలబడి ఉన్నాను. ఆయన నా దిక్కుకు ఒకసారి తల తిప్పినాడు. నేనేమో, కనపడని కండ్లు, ఊరికే తిప్పినాడు అనుకున్నాను. తర్వాత గంగప్పతో మెల్లగా, "నా చెయ్యి పోయిందప్పా గంగప్పా. నన్ను మన్నించు. ఇంక కట్టను" అన్నాడు. కత్తిని కడిగి, తుడిచి, చూరులో పెట్టినాడు. మళ్ళీ దాన్ని ముట్టలేదు.

అప్పుడు నోరు తెరిచి ఉండొచ్చు. ఒక్క మాట. తెరవలేదు. అమ్మ నన్ను మెచ్చుకున్న రెండు దినాలకే తిట్లు తినడం నావల్ల కాలేదు. రేపు చెప్తా అనుకున్నాను. రేపటికి గంగప్ప వేరే ఊరి మేదరవాళ్ళ దగ్గర మావులు కట్టించుకున్నాడు. ఎల్లుండికి మా ఇల్లు 'చెయ్యి పోయినాయన ఇల్లు' అయిపోయింది. వీధి పిల్లలు మణికట్టు వేలాడేసుకొని మా ముందర నడిచేవాళ్ళు. పేరు ఒకసారి పడితే సున్నం కొట్టినా పోదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇంత రాయను. మా ఇంట్లో రాగిముద్దకు ఒక లెక్క ఉండేది. పనికి పోయే చేతికి పెద్ద ముద్ద, ఇంట్లో ఉండే చేతికి చిన్న ముద్ద. తాత మావులు కట్టినంత కాలం నాయనతో సమానంగా పెద్ద ముద్దే. కత్తి చూరెక్కిన వారానికి అమ్మ పొయ్యి దగ్గర నుంచే నాకు సైగ చేసింది, ఇంత చాలు అని. ముద్దలు చేసేది నేను. తడి చేత్తో పిండిని చుట్టి చుట్టి నున్నగా చేసేదాన్ని. మొదటి దినం చెయ్యి ఆడలేదు. తర్వాత అలవాటైంది. అమ్మ సైగ కన్నా ఒక చిటికెడు తక్కువే చేసేదాన్నేమో గూడా, పొదుపు పిల్లను కదా. తాత పళ్ళెంలో ముద్దను వేళ్ళతో ఒకసారి తడిమి చూసేవాడు. "ఇంకొంచెం పెట్టేదా తాతా?" అని అడిగేదాన్ని, వద్దంటాడని తెలిసే. "చాలు తల్లీ, పని లేనోనికి ఆకలేముంటాది" అనేవాడు. రెండు వానాకాలాలు అట్ల గడిచినాయి. మూడోది రాకముందే పోయినాడు. "చెయ్యి పోయినప్పుడే ఈయన సగం పోయినాడు" అని ఏడ్చినాడు గంగప్ప, మా గడప దగ్గర నిలబడి. నేను గూడా ఏడ్చినాను. నా ఏడుపు చూసి అందరూ, తాత పెంచిన పిల్ల కదా అన్నారు.

ఇన్ని ఏండ్లూ నన్ను నేను ఎట్ల సముదాయించుకున్నానంటే, తాతకు తెలియలేదు కదా అని. నిజంగానే తన చెయ్యి పోయిందని నమ్మి పోయినాడు, మనవరాలు మోసం చేసిందన్న బాధ అయినా ఆయనకు లేదు. ఈ ఒక్క మాట మీద తల పెట్టుకొని నిద్రపోయినాను.

క్లబ్ హౌసులో ఆ దినం పదిహేను మంది పిల్లలు, వాళ్ళ వెనక ఫోన్లు పట్టుకొని అమ్మలు. బొంగు చీల్చినాను. చెయ్యి మరిచిపోలేదు. బద్దలు ఒక్కొక్కటి తీస్తా, ముందున్న పాపతో ఏదో మాట్లాడతా, పచ్చవి కుడి పక్కకు, తెల్లవి ఎడమ పక్కకు వేస్తా ఉన్నాను. కన్నడం పిల్ల, తెలుగు గూడా వచ్చు. మొహం దగ్గర పెట్టి చూస్తా ఉండింది. "అజ్జీ, నీకు కన్ను కనపడదని సహనక్క చెప్పింది. మరి ఏది ఏదని ఎట్ల తెలుస్తుంది?" అని అడిగింది. నేను తల గూడా ఎత్తకుండా, "దీనికి కన్నెందుకే? వేలికే తెలుస్తాది. పచ్చది గాజు మాదిరి జారుతుంది, తెల్లది నూలుగుడ్డ మాదిరి పట్టుకుంటుంది. పుట్టుగుడ్డికైనా ముట్టుకుంటే తెలుస్తా..." అన్నాను. ఆ మాట అక్కడే ఆగింది. చేతిలో బద్ద చేతిలోనే ఉండాది. బొటనవేలుతో నిమిరి, నా దిక్కుకు తల తిప్పిన తాత. యాభై ఏండ్లు వెదురు పట్టిన వేలు అది. తెలియకపోవడమేమిటి. వీధంతా నవ్వుతా ఉన్నప్పుడు, తప్పు ఎవరిదో వేలి కింద పట్టుకొని, నా చెయ్యి పోయింది అన్నాడు. రెండు వానాకాలాలు నేను చుట్టి పెట్టిన చిన్న ముద్దను తడిమి, చాలు తల్లీ అన్నాడు. సహన వచ్చి, "అవ్వా, కన్ను నొప్పా? డ్రాప్స్ వెయ్యాలా?" అనింది. ఊ అన్నాను. ఆ దినం మావు పూర్తి కాలేదు.

మూడో దినం బస్సెక్కి దేవనహళ్ళికి పోయినాను. అక్కడ మా చెల్లెలు నాగరత్న ఉంటుంది. నాకన్నా నాలుగేండ్లు చిన్నది. గట్టి నవ్వులాట మనిషి. ఏ పెండ్లి అయినా, సీమంతమైనా, భోజనాలైనాక దాన్ని చుట్టుకొని కూర్చుంటారు. "చేపల్ని సాగనంపిన మావు కథ చెప్పత్తా" అని అడుగుతారు. అది గంగప్ప గొంతు పెట్టి మాట్లాడుతుంది, తాత మాదిరి కండ్లు మూసుకొని చెయ్యి వేలాడేస్తుంది. జనం పొట్ట పట్టుకుంటారు. నేను గూడా అక్కడే కూర్చొని ఉంటాను, తమలపాకు ఈనెలు తీస్తా.

అది చిక్కుడుకాయలు ఒలుస్తా ఉండింది. నేను నిలబడే చెప్పినాను. కూర్చుంటే చెప్పలేనని. గొంతులు నేను కట్టినాననీ, తెల్ల బద్ద పెట్టినాననీ, పచ్చదేనని అబద్ధమాడినాననీ, ఆయనకు తెలుసుననీ. చెప్పడం అయిపోయినాక గూడా అది ఒలుస్తానే ఉండింది. నాలుగు కాయలు ఒలిచినాక ఆగింది.

"ఎందుకు చెప్పినావక్కా నాకు?"

"గుండెలో పెట్టుకోలేక చెప్పినానే."

"నీ గుండె బరువు దించుకోవడానికా? మంచి పని చేసినావు. నా నెత్తిన దించినావు." "నేను ఎన్ని పెండ్లిండ్లలో నవ్వించినాను ఆయప్పను పెట్టి! నా పిల్లలు ఆయన మొహం చూడలేదు, ఆ వేలాడే చెయ్యి ఒకటే తెలుసు వాళ్ళకు. నువ్వు పక్కన కూర్చొని ఈనెలు తీస్తా ఉన్నావు. ఒక్కసారి, ఒక్కసారైనా నా నోరు మూయించి ఉంటే?"

"భయమేసింది."

"అప్పుడు పన్నెండేండ్లు, భయం. తర్వాత అరవై వచ్చినాయి కదా, అప్పుడెవరికి భయపడినావు? అమ్మ పోయి ఎంత కాలమైంది?"

కోడండ్లను, మనవలను, పనిమనిషిని, అబద్ధమాడినందుకు నేను నిలబెట్టి కడిగేస్తాను. నన్ను అట్ల నిలబెట్టిన వాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. కొంగుతో మొహం తుడుచుకొని, నన్ను క్షమించవే అన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

"నేనెవరు క్షమించడానికి? నాకొక్కదానికి చెప్తే ఏం లాభం? నవ్వినోళ్ళందరికీ చెప్పు. నా నోటితో నేను ఎన్ని ఊర్లు తిప్పినానో అన్ని ఊర్లకూ చెప్పు. నీకు నాలుగు అక్షరాలు వచ్చు కదా, రాయి. నాకు అది గూడా రాదు." చిక్కుడు తొక్కులన్నీ పోగుచేసి లేచింది. భోజనం పెట్టింది గాని, నేను తిన్నంతసేపు ఎదురుగా కూర్చోలేదు.

అందుకే రాస్తున్నాను. మా బంధువులు, హూడి పాత వీధుల్లోవాళ్ళు, మా చెల్లెలు చెప్పిన కథకు నవ్వినవాళ్ళు ఎవరు చదివినా, చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి. మా తాత పేరు మేదర ఓబన్న. ఆయన చెయ్యి పోలేదు. ఆ ఆరు మావుల గొంతులు కట్టింది నేను.